పసుపు దీపానికి టీకా

అవతారిక

కోలాచలం మల్లినాథసూరి మన మెదక్ సీమవాడు. కాళిదాసు కావ్యాలకు 'సంజీవని' వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మాట ఇచ్చాడు. నేను ఆ మాట ఇవ్వలేను. నా ముందున్న మూలం కాళిదాసుది కాదు, మా మేనల్లుడిది. మేనల్లుడే అల్లుడు కూడా అయ్యాడు కనుక వ్యాఖ్యాతకు పక్షపాతం ఉంటుందని చదువరులు ముందే గ్రహించాలి.

కవి నివాసం నస్పూర్, సింగరేణి క్వార్టర్. వృత్తి శ్రీరాంపూర్ ఏరియాలో ఒక ఆర్కే బొగ్గు బాయిలో ఎలక్ట్రీషియన్. 2023లో 11వ వేజ్ బోర్డు ఏరియర్లు, ఇరవై మూడు నెలలవి, ఒక్కసారిగా చేతికొచ్చినప్పుడు తోటివాళ్ళు కొందరు ప్లాటు కొన్నారు, కొందరు అప్పు తీర్చారు. ఇతను ఆ డబ్బును బ్యాంకులో పడేసి ఏడాదిన్నర పాటు రాత్రిళ్ళు ఫోన్‌లో పాత కార్లు చూశాడు. ఆఖరికి హైదరాబాద్‌లోని ఒక యార్డు నుంచి ఎనిమిది లక్షలు పోసి, ఎనిమిదేళ్ళ వయసున్న టర్బో బండి ఒకటి తెచ్చాడు. స్పోర్ట్స్ కారు అన్నాడు. తలుపులు నాలుగున్నాయి కదరా అంటే, 'తలుపులు గాదు మామా, పికప్ సూడాలె' అన్నాడు. నేలకు బెత్తెడు ఎత్తులో ఉంటుంది. కాలనీలో ప్రతి స్పీడ్ బ్రేకరూ దాని కడుపు గీకుతుంది.

తెచ్చిన మూడో వారం వాట్సాప్‌లో ఈ పద్యం పంపాడు. ముప్పయ్యేళ్ళు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, గణాలు లెక్కపెట్టకుండా జాలిపడలేను. లెక్కపెట్టాను. తేటగీతి. యతులు కుదిరాయి. ఇంజనొక్కటే కుదరలేదు.

మూలం

ఎఱ్ఱ కారును తెచ్చితి నిల్లు మురియ,
పసుపు దీపము వెలిగెను బాట నడుమ,
అడుగ నన్నియు సహజమే యనిరి వారు,
కాగితము చూడ వారంటి గడువు ముగిసె.

టీక

ఎఱ్ఱ కారును: ఇక్కడ శకటరేఫం పడింది. ఈ కాలంలో 'ఎర్ర' అని రాస్తే అడిగేవాడు లేడు. కానీ శకటరేఫానికి మన బళ్ళలో పేరు బండి ర. బండి మీద పద్యం బండి ర తో మొదలుపెట్టడం ఔచిత్యం. కవి ఇది తెలిసి చేశాడా అంటే, తెలియదు. ఫోన్ కీబోర్డు చేసి ఉంటుంది.

తెచ్చితిన్: కొంటిని అనలేదు, తెచ్చితిని అన్నాడు. తేవడం సులువు. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి, ఇన్సూరెన్సు పేరు మార్పుకు పద్నాలుగు రోజుల్లో అర్జీ ఇచ్చి, మంచిర్యాల ఆర్టీఏ ఆఫీసు చుట్టూ తిరిగితేనే కొన్నట్టు. అంతా అయినా నంబరు మారదు. మన జిల్లా కోడ్ 19, 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ. ఈ బండి మాత్రం టీఎస్ 07 అని రంగారెడ్డి జిల్లా ఇంటిపేరుతోనే నస్పూర్‌లో తిరుగుతుంది. మెట్టినింటికి వచ్చినా పుట్టింటి పేరు వదలని కోడలన్నమాట.

ఇల్లు మురియ: ఇల్లు మురియదు, ఇంట్లోవాళ్ళు మురుస్తారు. ఇది లక్షణ. నిమ్మకాయలు తొక్కించారు, గుమ్మడికాయ పగలగొట్టారు. ఇక్కడొక పాఠాంతరం ఉంది. మా బిడ్డ ఈ పాదాన్ని 'ఎఱ్ఱ కారును తెచ్చితి నిల్లు కుదువ' అని చదువుతుంది. ఛందస్సుకు భంగం లేదు, యతి కూడా నిలిచింది. అయినా క్వార్టర్ సింగరేణిది, దాన్ని కుదువ పెట్టడం ఎవరి తరమూ కాదు గనుక ఆ పాఠం చెల్లదని తీర్పు చెప్పాను. 'ఇల్లు గాదు నాయినా, గాజులు' అంది. పెళ్ళికి నేను పెట్టిన గాజులు. ఏరియర్లు పోను తక్కువ పడిన మొత్తం ఎక్కడి నుంచి వచ్చిందో వ్యాఖ్యాతకు అప్పుడు తెలిసింది. 'కుదువ' పాఠాన్ని అధఃసూచికలో ఉంచడానికి ఒప్పుకున్నాను.

పసుపు దీపము: ఈ పద్యానికి గుండెకాయ ఇక్కడే ఉంది, కాస్త ఆగాలి.

పసుపు మంగళకరం, దీపం మంగళకరం. రెండూ కలిస్తే డాష్‌బోర్డు మీద చెక్ ఇంజన్ లైటు. ఎర్ర దీపమైతే వెంటనే ఆపమని అర్థం. పసుపుదైతే ఏదో తేడా ఉంది, చూపించుకోమని. అదే పసుపు దీపం మిణుకు మిణుకుమంటే ఇంజన్ గట్టిగా మిస్ కొడుతోందని, అంటే సిలిండర్‌లో కాలకుండా మిగిలిన పెట్రోలు పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్ దాకా పోయి అక్కడ కాలుతోందని. ఇలా ఒక్క దీపానికే మూడర్థాలు.

వెలిగెను బాట నడుమ: ఏ బాట? దండేపల్లి మండలంలో గూడెం గుట్ట మీది సత్యనారాయణస్వామికి కొత్త బండి చూపించి తిరిగి వస్తుంటే, లక్షెట్టిపేట దాటాక. దర్శనం అయ్యాక వెలిగిందేమని మా అక్క, అంటే కవి తల్లి, చాలా బాధపడింది. కొబ్బరికాయ కుళ్ళిందేమోనని అనుమానించింది.

కుళ్ళింది కొబ్బరికాయ కాదని సీసీసీలో షెడ్డు పెట్టుకున్న కుర్రాడు కనిపెట్టాడు. (సీసీసీ అంటే కోల్ కెమికల్ కాంప్లెక్స్. ఆ మూడు మాటలు ఎవరికీ అక్కర్లేదు, మూడక్షరాలు చాలు.) స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్టుకు స్కానర్ పెట్టాడు. పి0300 అని వచ్చింది. పక్కనే పి0304.

ఈ రెండూ సూత్రాలు. సూత్రమంటే తక్కువ అక్షరాల్లో ఎక్కువ అర్థం, సందేహానికి తావుండకూడదు. పాణిని మెచ్చుకునేటంత పొదుపు. పి అంటే ఇంజన్, గేర్‌బాక్స్ వైపు సంగతి. సున్నా అంటే అన్ని కంపెనీలకూ ఒకే అర్థమున్న సంకేతం. మూడు అంటే మంట పుట్టించడంలోనో, మిస్ కొట్టడంలోనో లోపం. చివరి రెండంకెలు సున్నాలైతే ఏ సిలిండరో తేల్చలేదని, నాలుగైతే నాలుగోదని. ఇంత స్పష్టంగా చెప్పే గ్రంథం వారంటీ కార్డుతో పాటే అదే బండిలో ఉండడం విచిత్రం.

కుర్రాడు అక్కడితో ఆగలేదు. స్కానర్‌లో ఇంకో పేజీ తిప్పి, 'సారూ, బండి ఎన్నడు తెచ్చిన్రు? పాత కోడ్‌లు తుడిపేసినంక ఇది తిరిగింది మూడొందల ముప్ఫై కిలోమీటర్లే' అన్నాడు. హైదరాబాద్ నుంచి నస్పూర్ దాకా ఎంత, నస్పూర్ నుంచి గూడెం గుట్టకు పోయి రావడం ఎంత అని కూడితే దాదాపు అంతే. అంటే బండి యార్డు గేటు దాటే పొద్దున్నే ఎవరో దీపాన్ని ఆర్పి పంపారు. ఆర్పినా తప్పు పోదు. కంప్యూటర్ ఒక ట్రిప్పులో తప్పు చూస్తే మనసులో పెట్టుకుంటుంది. రెండో ట్రిప్పులో మళ్ళీ అదే కనిపిస్తేనే దీపం వెలిగిస్తుంది. మొదటి ట్రిప్పు ఇంటికి, రెండో ట్రిప్పు గుట్టకు పోయి రావడం. స్వామి దగ్గరికి పోయి వచ్చాక వెలగడంలో మహిమ ఉందో లేదో గాని, లెక్క ఉంది.

కవి మౌనంగా నిలబడ్డాడు. పాపం, బాయిలో బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ యంత్రం ముట్టాలంటే కరెంటు తీసి, తాళం వేసి, ముందు షిఫ్టువాడు రిజిస్టర్‌లో ఏం రాశాడో చూస్తాడు. ఫ్యాను, పంపు, కేబులు, దేనికి దాని పుస్తకం. అలాంటివాడు ఈ బండికి సర్వీస్ పుస్తకం ఏదని అడిగితే యార్డువాళ్ళు 'ఆన్‌లైన్ రికార్డ్ ఉంటది అన్నా' అన్నారట. అదే చాలనుకున్నాడు. ఎర్ర రంగు మహిమ.

అడుగన్, అన్నియు సహజమే యనిరి: అడుగగా, ఇవన్నీ నార్మలే అని చెప్పారు. మూలంలో ఏకారం అవధారణార్థం, ఇంకో మాటకు చోటు లేదని. సర్వీస్ సెంటర్లో ఆ ఏకారాన్ని ఫోన్ చూస్తూ పలుకుతారు.

ఈ మాట పూర్తి అబద్ధం కాదు, అందుకే చిక్కు. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు దాకా ఇంజన్ ఆయిల్ తాగడం సహజమేనని కొన్ని కంపెనీల మాన్యువళ్ళలోనే అచ్చయి ఉంటుంది. నేరుగా సిలిండర్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజన్లలో ఇన్‌టేక్ వాల్వుల మీద బొగ్గు పేరుకోవడమూ సహజమే. పాత పద్ధతిలో పెట్రోలు వాల్వు వెనక పడి దాన్ని కడుగుతూ పోయేది. ఇప్పుడు కడిగే చేయి లేదు. ఆయిల్ ఆవిరి వచ్చి అంటుకుని గట్టిపడుతుంది. అక్రోటు చిప్పల పొడిని గాలితో కొట్టి దాన్ని రాలుస్తారు. బొగ్గు బావుల ఊరివాడు బొగ్గు పట్టిన ఇంజన్ కొనుక్కున్నాడని కాలనీలో రెండు రోజులు నవ్వుకున్నారు. మే నెలలో మా దగ్గర ఎండ నలభై అయిదు డిగ్రీలు దాటినప్పుడు టర్బో వేడిగాలి మింగి, నాకింగ్ రాకుండా కంప్యూటరే మంటను వెనక్కి జరిపి పికప్ తగ్గిస్తుంది. అదీ సహజమే. ఇన్ని సహజాలను ఒకే బండిలో చేర్చి అమ్మితే అది మాత్రం సహజం కాదు.

వారు: సర్వనామం. ఎవరిని సూచిస్తుందో కవి చెప్పలేదు. టీకాకారుడూ చెప్పడు.

కాగితము చూడ: చూసినది కవి కాదు, నేను. అల్లుడు కొనేటప్పుడు చదవలేదు. ఆరు నెలల వారంటీ, ఇంజన్, గేర్‌బాక్స్. ఇక్కడ దర్శనభేదం వచ్చింది. టర్బో ఇంజనే అని మేము, అంటే అద్వైతులం. టర్బో వేరు, ఇంజన్ వేరు అని వారు, ద్వైతులు. టర్బో ఇంజన్‌కు శరీరమే గాని, దాని సీళ్ళు, పైపులు, సెన్సర్లు 'వేర్ అండ్ టేర్' అని మధ్యలో ఒక మేనేజరు, విశిష్టాద్వైతి. ఇంజెక్టర్లు, కాయిల్స్ ఏ మతంలోనూ లేవు. అప్పటికి మాకు తెలియదు గాని, ఆ వాదమంతా వృథా. బాధ టర్బోలో లేదు.

వారంటి గడువు ముగిసె: కొన్న మూడు వారాలకే ఆరు నెలలు ఎలా ముగుస్తాయి? ఆ కాగితం మీది తేదీ బండి అమ్మిన రోజుది కాదు, తనిఖీ చేసిన రోజుది. అయిదు నెలల పైన బండి యార్డులో ఎండకు నిలబడింది. నిలబడినంతసేపూ వారంటీ నడిచింది. కొత్త కార్ల కార్డులో మూడేళ్ళు లేదా లక్ష కిలోమీటర్లు, 'ఏది ముందైతే అది' అని ఉంటుంది. ఆ మూడు మాటలనూ పిల్లలకు యమపాశానికి ఉపమానంగా చెప్పవచ్చు. అన్ని కంపెనీలూ ఒకలా ఉండవు. మాజ్డా ఆర్ఎక్స్-8 రోటరీ ఇంజన్లు ఇబ్బంది పెట్టినప్పుడు అమెరికాలో ఆ కంపెనీయే ఇంజన్ వారంటీని ఎనిమిదేళ్ళు లేదా లక్ష మైళ్ళకు పొడిగించింది. ఆ సంగతి అల్లుడికి చెబితే, 'మరి గదే కొనాల్నా మామా?' అన్నాడు. చెప్పకపోతే బాగుండేది.

తాత్పర్యం

అల్లుడు పాత కారు కొన్నాడు. దానికి ముందే జబ్బుంది.

విశేషాంశాలు

కంప్రెషన్ టెస్టు చేస్తే మూడు సిలిండర్లలో పదకొండు బార్ చిల్లర, నాలుగో దాంట్లో ఏడు. 'రింగులన్న పోయినయ్, వాల్వన్న కూసుంటలేదు. హెడ్ ఇప్పాలె' అన్నాడు షెడ్డు కుర్రాడు. యార్డుకు ఫోన్ చేస్తే సహజమే అన్నారు. అప్పుడు మా బిడ్డ రంగంలోకి దిగింది. స్కానర్ తెర ఫొటో, తనిఖీ తేదీ ఉన్న కాగితం, డబ్బు కట్టిన రసీదు మూడూ ఒకచోట పెట్టింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. కారణం పుట్టిన రెండేళ్ళ లోపు జిల్లా కమిషన్‌కు పోవచ్చు. ఎనిమిది లక్షల సొమ్ముకు ఫిర్యాదు రుసుము 200 రూపాయలు. నేను దీర్ఘసమాసాలతో నోటీసు రాస్తానన్నాను. 'వద్దు నాయినా' అని తనే నాలుగు లైన్లు రాసి, కింద ఆ మూడొందల ముప్ఫై కిలోమీటర్ల అంకె వేసి పంపింది. నా ఉద్యోగజీవితంలో అంత బలమైన గద్యం చదవలేదు.

వారం తర్వాత సామాన్ల ఖర్చు యార్డుది, కూలి మాది అని తేలింది. హెడ్ విప్పితే నాలుగో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలి ఉంది. మిగతా వాల్వుల మీద బొగ్గు. అది గీకి తీసిన పొడిని అల్లుడు కాగితంలో పొట్లం కట్టి, ఏ గ్రేడో చెప్పమని తోటి కార్మికులకు చూపించాడు.

నిన్న సాయంత్రం బండి ఇంటికి వచ్చింది. దీపం లేదు. అల్లుడు హారన్ కొట్టాడు, మనవడు చప్పట్లు కొట్టాడు. మా అక్క గుమ్మంలో నుంచే గూడెం దిక్కు దండం పెట్టింది. మా బిడ్డ మాత్రం డాష్‌బోర్డు వంక ఒకసారి చూసి, గాజులు లేని చేతులు కట్టుకుని, 'ఎన్ని ట్రిప్పులయినయ్?' అని అడిగింది.

ఒకటి. షెడ్డు నుంచి ఇంటిదాకా. రెండోది రేపు పొద్దున మొదటి షిఫ్టుకు.