రాగం ముందు, బొమ్మ తర్వాత

నేను కాలి హార్మోనియాన్ని. కాళ్లతో తొక్కుతుంటే తిత్తిలో గాలి నిండి ఇత్తడి రీడ్లు పలుకుతాయి, వాయించేవాడి రెండు చేతులూ మెట్ల మీదే ఉంటాయి. మొయినాబాద్ దాటి చేవెళ్లకు పోయే బీజాపూర్ రోడ్డు మీదున్న కనకమామిడిలో, ఒక హార్మోనిస్టు ఇంట్లో ఉంటున్నాను. ఆ రోడ్డు మర్రిచెట్ల కింద లారీలెక్కి ఎన్ని ఊళ్లు తిరిగానో!

నాకు ప్రాణమైన నాటకం మాయాబజార్. శశిరేఖా పరిణయం అని కూడా ఆడేవారు. కథ పౌరాణికం, నడక మాత్రం హాస్యం. మాయాశశిరేఖగా మారిన ఘటోత్కచుణ్ణి చూసి పెళ్లికొడుకు లక్ష్మణకుమారుడు బెదిరిపోయే ఘట్టంలో నటుడు మాట విసిరి ఆగుతాడు. ఆ ఖాళీలో నేనొక స్వరం వదలాలి. అది కాస్త ముందు పడిందా, జనం నవ్వరు. వెనక పడిందా, మాట చప్పబడుతుంది. అందుకే నవ్వులో సగం నాదంటాను. పద్యం చివర రాగం తీస్తే 'వన్స్ మోర్' అని కేకలు. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేవాళ్లం.

1885లో పుట్టిన సురభి నాటక సమాజంవాళ్లు ఈ నాటకాన్ని తీగలతో, తెరలతో, మాయలతో ఆడి ఊళ్లను ఊపేశారు. 1957లో కె.వి.రెడ్డి అదే కథను సినిమాగా తీస్తే, తీగలు చేసే పనిని మార్కస్ బార్ట్‌లీ కెమెరా చేసింది. వివాహ భోజనంబు పాటలో ఘటోత్కచుడైన ఎస్.వి.రంగారావు నోట్లోకి లడ్లు వాటంతటవే ఎగిరొస్తుంటే, వెనక మాధవపెద్ది సత్యం గొంతు. ఆ నవ్వుల వరసకు 1922లో చార్లెస్ పెన్రోజ్ ఇంగ్లీషులో పాడిన నవ్వే పోలీసు పాటతో చుట్టరికం ఉందని చాలామంది గమనించారు. పాటకు పొలిమేర లేదు మరి.

ఈ కథ మూడో అవతారం ఈ ఇంట్లోనే టీవీలో చూశాను. కె.వి.రెడ్డి దగ్గర శిష్యరికం చేసిన సింగీతం శ్రీనివాసరావు 2008లో ఘటోత్కచుడి కథను యానిమేషన్ సినిమాగా తీశారు. అందులో ఘటోత్కచుడు పిల్లవాడు, పక్కన ఏనుగుపిల్ల. "తాతా, గిట్ల గాల్లో ఎట్ల ఎగురుతుండు?" అని మనవరాలు అడిగితే, మా హార్మోనిస్టు "బొమ్మకు బరువుండదు బిడ్డా" అన్నాడు. నిజమే. తీగా అక్కర్లేదు, కెమెరా కనికట్టూ అక్కర్లేదు.

ఇంగ్లండులోనూ నాటకాన్ని బొమ్మల్లోకి తెచ్చే ఇలాంటి పని జరిగింది. గిల్బర్ట్, సల్లివన్ జంట సంగీత హాస్యనాటకాలు కొన్నింటిని కలిపి, వాటిలో ఒకదాని నుంచి డిక్ డెడ్‌ఐ అనే నావికుణ్ణి కథానాయకుణ్ణి చేసి, 1975లో బిల్ మెలెండెజ్ యానిమేషన్ సినిమా తీశాడు. బొమ్మల రూపకల్పన రోనాల్డ్ సెర్ల్‌ది. బాణీలు పాతవే, మాటలను మాత్రం కాలానికి తగ్గట్టు మార్చుకున్నారు. ఇది నాకు ఎంతో నచ్చిన సంగతి. వరసను కదపకుండా తక్కినవన్నీ కదిపారు.

మన రంగస్థల పద్యాన్ని కూడా అలా ఎవరైనా గీస్తే చూడాలని ఉంది. కథ కాదు నేనడిగేది, పద్యం. నటుడు ముప్పై సెకన్లు రాగం తీస్తుంటే బొమ్మ ఏం చేయాలి? సెకనుకు 24 చొప్పున 720 బొమ్మలు. వేదిక మీదైతే మా ఘటోత్కచుడు మీసం దువ్వుతాడు, గద భుజం మార్చుకుంటాడు, రెండడుగులు ముందుకొచ్చి మొదటి వరస జనం కళ్లలోకి చూస్తాడు. గమకం తిరిగినప్పుడు కనుబొమ లేవాలి, ఊపిరి అందుకున్నప్పుడు ఛాతీ కదలాలి. ఇంతకంటే గొప్ప పని యానిమేటర్‌కు ఎక్కడ దొరుకుతుంది? హైదరాబాద్‌లో స్టూడియోలకు కొదవలేదు. అక్కడి పిల్లలు ఒక్కసారి ఇక్కడిదాకా రావాలి. ముందు మా హార్మోనిస్టును కూర్చోబెట్టి పద్యం పాడించి, నా శ్రుతితో సహా రికార్డు చేసుకోవాలి. పెన్సిలు పట్టేది ఆ తర్వాతే.