ఊళ్లో నమూనా, లండన్‌లో అసలు

కృష్ణ ఒడ్డున ఉన్న అమరావతిలో ఒక చిన్న పురావస్తు ప్రదర్శనశాల ఉంది. మహాచైత్యం, అంటే బుద్ధుని ధాతువుల మీద కట్టారని చెప్పే పెద్ద స్తూపం, ఒకప్పుడు ఎలా ఉండేదో చూపే నమూనా ఒకటి అందులో కొలువుతీరి ఉంది.

అసలు చైత్యం మాత్రం దేశాటనలో ఉంది. ఊరివారు సున్నంగా కాల్చుకున్నవి పోగా (ఈ పుణ్యంలో మనవారికీ వాటా ఉంది), 1845లో ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసు ఎండలో ఏళ్ల తరబడి మాగి, 1859లో ఓడెక్కగా, అమరావతి శిల్పాలు 120కి పైగా నేడు బ్రిటిష్ మ్యూజియంలో, తేమ సోకని అద్దాల గదిలో సేదతీరుతున్నాయి. వాటికి దొరలు పెట్టుకున్న పేరు ‘ఇలియట్ మార్బుల్స్’. అవి ఇలియట్‌వీ కావు, మార్బుల్ అనగా చలువరాయీ కాదు, పల్నాటి సున్నపురాయి.

తమ ఊరి శిల్పాన్ని చూడదలచిన అమరావతి పౌరునికి లండన్‌లో ప్రవేశం పూర్తిగా ఉచితం, రుసుమంతా వీసాకే. సొంత ఊళ్లో వీసా అక్కరలేదు, టికెట్ చాలు, శుక్రవారం సెలవు.