ఊఁ కొట్టే సర్వరు

పేపరు చదువుతున్నప్పుడు మా ఆవిడ ఏం చెప్పినా నేను "ఊఁ" అంటాను. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. మాట చెవిన పడిందని రసీదు, అంతే. పెళ్లైన కొత్తలో ఆ రసీదుని నమ్ముకుని ఆవిడ రెండుసార్లు గ్యాసు లేని పొయ్యి ముందు నిలబడింది. అప్పట్నుంచి నేను ఊఁ అనడం ఆలస్యం, "నేనేం చెప్పానో చెప్పండి?" అని అడుగుతుంది. ఈ ప్రశ్నని పంతొమ్మిదేళ్లుగా వేధింపుల ఖాతాలోనే రాసుకుంటూ వచ్చాను.

మా ప్రాజెక్టు టిక్కెట్లన్నీ రెడ్‌మైన్‌లో ఉంటాయి. 2006లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేరు అది. చూడ్డానికి పంచాయతీ ఆఫీసు రిజిస్టరులా ఉంటుంది గానీ పనిమంతురాలు. ఒక శుక్రవారం సాయంత్రం మా మేనేజరు వచ్చి, "పాత టిక్కెట్లు 312 ఉన్నాయండీ, అన్నీ ఎప్పుడో అయిపోయినవే. సోమవారం క్లయింటు చూసేలోపు క్లోజ్ చేసేద్దాం" అన్నాడు. చేత్తో అయితే టిక్కెట్టుకో నిమిషం, అంటే ఐదు గంటల పైమాటే. ఇరవయ్యేళ్ల అనుభవం పెట్టుకుని చేత్తో చేస్తానా? బ్రౌజరు లేకుండా రెడ్‌మైన్‌కి పని చెప్పడానికి ఏపీఐ ఉంది, ఆ మాట మోసుకెళ్లడానికి కర్ల్ ఉంది. ప్రతి టిక్కెట్టుకీ స్థితి "క్లోజ్డ్" అనీ, కింద నోటు "సమస్య పరిష్కారమైంది, ఈ టిక్కెట్టును మూసేస్తున్నాం" అనీ పంపే స్క్రిప్టు రాసి వదిలాను.

తెర మీద సర్వరు జవాబు: 204, 204, 204... వరసగా 312 సార్లు. 404 అంటే ఏమిటో చిన్నపిల్లలకీ తెలుసు. 204 దానికి పెద్దింటి కోడలు లాంటిది: పని అయింది, ఇంతకు మించి చెప్పడానికేమీ లేదు, అని తల వంచుకుని వెళ్లిపోతుంది. "అన్నీ క్లోజ్ చేశాను" అని మేనేజరుకి మెయిలు కొట్టి, మాదాపూర్‌లో పునుగుల బండి దగ్గర నన్ను నేనే సన్మానించుకున్నాను.

శనివారం పొద్దున ఎందుకో అనుమానమొచ్చి తెరిచి చూస్తే 312 టిక్కెట్లూ నిక్షేపంగా "న్యూ" అనే ఉన్నాయి. నోటు కూడా పడలేదు.

కారణం మధ్యాహ్నానికి దొరికింది. ఏపీఐకి ఏదైనా పంపేటప్పుడు లోపలి సమాచారం జేసన్ పద్ధతిలో ఉందని కవరు మీద రాయాలి. దాన్నే కంటెంట్-టైప్ అంటారు. మనం రాయకపోతే కర్ల్ ఊరుకోదు, తనంతట తానే "లోపల ఫారం ఉంది" అని రాసి పంపుతుంది. సర్వరు కవరు విప్పింది, ఫారం కోసం వెతికింది, అందులో ఇష్యూ అనే గడి కనబడలేదు. మార్చమని ఎవరూ ఏమీ అడగలేదు గనక ఏమీ మార్చకుండా ఆ పనిని విజయవంతంగా ముగించి, ఊఁ అంది. కంటెంట్-టైప్ తప్పనిసరి అని డాక్యుమెంటేషన్‌లో పెద్దక్షరాల్లోనే ఉంది. పెద్దక్షరాల్లో ఉన్నవి నేను చదవను, ఎవరో అరుస్తున్నట్టుంటుంది.

కవరు సరిచేసి మళ్లీ వదిలాను. మళ్లీ 312 ఊఁలు. ఈసారి నోటు పడింది, స్థితి మాత్రం "న్యూ" దగ్గరే గుంజకి కట్టేసినట్టుంది. స్థితి ఐడీ తప్పేమో అని మార్చి నడిపాను. ఐడీ బదులు పేరు పంపి చూశాను. అంకెకి కొటేషన్లు తగిలించి ఒకసారి, తీసేసి ఒకసారి. ఒక్క టిక్కెట్టు మీద ప్రయోగం చేసుకోవచ్చుగా అని మీరు అడగొచ్చు. ఆదివారం అర్ధరాత్రి మనిషికి అంత వివేకం ఉండదు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఏదో చెప్పింది, ఊఁ అన్నాను. "నేనేం చెప్పానో చెప్పండి?" అంది. తలెత్తకుండా "రెండువందల నాలుగు" అన్నాను. ఆవిడ లైటార్పేసి వెళ్లిపోయింది.

కవరు సరిచేశాక మొత్తం ఏడుసార్లు నడిచింది. ప్రతి టిక్కెట్టులోనూ ఒకదాని కింద ఒకటి ఏడు నోట్లు, "మూసేస్తున్నాం" అంటూ. పైన స్థితి: న్యూ. రాజీనామా చేస్తానని ఏడుసార్లు ప్రకటించి కుర్చీ వదలని నాయకుడు గుర్తొచ్చాడు. అయితే నోటు పడితే రెడ్‌మైన్ సంబంధిత వ్యక్తులకి మెయిలు పంపుతుంది. అది మాత్రం ఊఁ కొట్టి ఊరుకోలేదు, పని చేసింది. క్లయింటు ఇన్‌బాక్సులో 2184 మెయిళ్లు.

సోమవారం మేనేజరు నన్ను ఏమీ అనలేదు. అంటే బావుండేది. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైన అమ్మాయొకతె మా టీములో ఉంది. నా స్క్రిప్టు వంక కాసేపు చూసి, "అన్నా, ఒక్క టిక్కెట్టు మామూలుగా బ్రౌజర్లో తెరుద్దామా?" అంది. తెరిచాం. స్థితి దగ్గర నొక్కితే జాబితా రాలింది: న్యూ, ఇన్ ప్రోగ్రెస్, రిజాల్వ్డ్. క్లోజ్డ్ లేదు. అసలు లేదు.

రెడ్‌మైన్‌లో ఏ పాత్ర ఉన్నవాడు ఏ స్థితి నుంచి ఏ స్థితికి మార్చొచ్చో ఒక పట్టిక ఉంటుంది. దాన్నే వర్క్‌ఫ్లో అంటారు. మా దాంట్లో మూసే హక్కు మేనేజరుది, అదీ రిజాల్వ్డ్ అయ్యాకే. బ్రౌజర్లో అయితే హక్కు లేనిది కళ్లకే కనబడదు. ఏపీఐలో ఏదైనా అడగొచ్చు. అది జల్లెడ పట్టి, మనకి చెల్లేవి తీసుకుని మిగతావి కిందకి జార్చేస్తుంది. సబ్జెక్టు ఖాళీగా పంపితే 422 అని కారణంతో సహా గొడవపడే సర్వరు, హక్కు లేనిది అడిగితే మాత్రం మర్యాదకి నోరెత్తదు. జల్లెడ ఉండాల్సిందే, కాదనను. రెడ్‌మైన్‌కి పునాది రైల్స్ అనే ఫ్రేంవర్కు. జల్లెడ లేకపోతే ఏమవుతుందో 2012 మార్చిలో గిట్‌హబ్‌లో ఒకాయన ఫారంతో పాటు అదనంగా ఒక గడి జోడించి పంపి, ఏకంగా ఆ రైల్స్ ప్రాజెక్టులోకే దూరి చూపించాడు. కానీ జార్చేసిన సంగతి ఒక ముక్క చెప్పొచ్చుగా అని నా ఏడుపు. అడిగితే చెబుతుందిట. టిక్కెట్టు తెప్పించుకునేటప్పుడు "నేను మార్చగలిగే స్థితులేమిటి" అని కూడా కలిపి అడిగితే ఐదో వెర్షన్ నుంచి జాబితా ఇస్తోంది.

"ఇంతకీ క్లోజ్ చేయకూడదని ఎవరు పెట్టారన్నా ఈ రూలు?" అందా అమ్మాయి. నాలుగేళ్ల కిందట కుర్రాళ్లు ఎడాపెడా మూసేస్తున్నారని అడ్మిన్ వెంటబడి పెట్టించింది నేనే. తెలీదన్నాను.

స్క్రిప్టు తిరగరాశాం. ముందు రిజాల్వ్డ్ నేను చేశాను. క్లోజ్డ్ మేనేజరు తన మెషిన్లోంచి నడిపాడు, తన ఏపీఐ కీ నాకివ్వనన్నాడు, న్యాయమే. నోటు తీసేశాం. ప్రతి మార్పు తర్వాతా అదే టిక్కెట్టుని మళ్లీ తెప్పించి, మేం చెప్పిందీ అక్కడున్నదీ ఒకటేనా అని పోల్చే ఫంక్షనొకటి పెట్టాం. పేరేం పెడదామని ఆ అమ్మాయి అడిగితే, "నేనేంచెప్పానో" అన్నాను. ఎందుకో ఆమెకి అర్థం కాలేదు, అయినా పెట్టింది.

సాయంత్రానికి క్లయింటు నుంచి ఒక్క వాక్యం వచ్చింది: టిక్కెట్లు మూసినందుకు సంతోషం, మెయిళ్లు కూడా మూస్తారా అని.

309 మూతపడ్డాయి. మూడింటి దగ్గర మా ఫంక్షను ఆగి అరిచింది. వాటికి అడ్డుగా మరో టిక్కెట్టు తెరిచి ఉంది, అది మూస్తే గానీ ఇవి మూయనివ్వదు. ఆ అడ్డు టిక్కెట్టు ఎవరి పేరు మీదుందో చూశాం. నా పేరే. ఏప్రిల్లో ఎవరో "ఇది కాస్త చూస్తారా?" అని రాశారు. కింద నా జవాబు ఒకే ఒక్క మాట: "నోటెడ్."