పూలకు వాయిదా, సీసాకు అప్పీలు

కష్టకాలం రాగానే మన ఏలినవారికి ముందుగా గుర్తొచ్చేది పూలతోట. పాపం, అది ఎదురు చెప్పదు, కోర్టుకెక్కదు, దానికి ఓటూ లేదు. ఊటీ బొటానికల్ గార్డెన్‌లో 1896లో మొదలైన పూల ప్రదర్శన 2019లో 123వది. 124వది చూడాలంటే జనం 2022 దాకా ఆగాల్సి వచ్చింది. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో 1938లో పుట్టి, వచ్చిన రాబడితో కాలేజీలు నడుపుతున్న నుమాయిష్ ఎగ్జిబిషన్ 2021లో జరగనే లేదు. మరుసటేడు జనవరి 1న తెరిచారు, మర్నాడే మూశారు.

కరోనా మహమ్మారి నిజం. గుంపు చేటన్నదీ నిజం. ఆపినందుకు నాకేం కోపం లేదు. కాకపోతే ఆ జాగ్రత్త మా తిరుత్తణి మురుగన్ కొండ మెట్లన్నీ ఎక్కి, కిందికి దిగొచ్చి, సీసాల కొట్టు ముందు మాత్రం కళ్లు మూసుకుంది చూశారూ, అక్కడే నవ్వాగలేదు.

2020 ఆడికృత్తికకు మా మురుగన్ కొండకు పూలకావళ్లు రాలేదు. 365 మెట్లూ బోసిపోయాయి. తిరువళ్లూరు చుట్టుపక్కల మల్లెతోటల వాళ్లు అంతకుముందే చితికిపోయి ఉన్నారు. మే 5న కోయంబేడు మార్కెట్ మూతపడింది. కూరగాయల్ని తిరుమళిసైకి, పూలను మాధవరానికి తరిమారు. రోగం మార్కెట్లో పాకుతోందన్నారు, ఒప్పుకున్నాం.

రెండు రోజులు తిరిగాయో లేదో, మే 7న చెన్నై తప్ప మిగతా తమిళనాడంతటా సర్కారు మద్యం కొట్లు, అంటే టాస్మాక్ తలుపులు తెరుచుకున్నాయి. రోగానికి మందు వాసన పడదు కాబోలు! పక్క రాష్ట్రాల్లో కొట్లు తెరిచారు, మనవాళ్లు హద్దు దాటి పోతున్నారు, అందుకే తెరుస్తున్నామని సర్కారు చెప్పుకుంది. ఆంధ్రాలో రెండు రోజుల్లో ధర 75 శాతం పెంచినా జనం వెనక్కి తగ్గలేదు మరి. హద్దు అవతలి నగరికి దారేదని మావాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1960 దాకా మా తిరుత్తణిదీ చిత్తూరు జిల్లానే. రెండు రాష్ట్రాల హద్దు తగువు తీర్చిన పటాస్కర్ గారు ఊరూరూ లెక్కగట్టి తేల్చిన సరిహద్దును ఒక్క క్వార్టర్ సీసా చెరిపేసింది.

మర్నాడే, మే 8న, మద్రాసు హైకోర్టు ఆ కొట్లు మూయమంది. అప్పుడు చూడాలి సర్కారు చురుకు! ఖజానా ఎండిపోతోందంటూ సుప్రీంకోర్టుకు పరుగు. 15న స్టే, 16న మళ్లీ క్యూ. ఖజానా తోటమాలిదీ ఎండింది, ఆయన తరఫున ఏ వకీలూ ఢిల్లీ రైలెక్కలేదు. ఇంతకీ ఆ ఎండిన ఖజానా సంగతి: 2019-20లో మద్యం మీద రాష్ట్రానికి వచ్చింది 33,133 కోట్లు. లాక్‌డౌన్ మింగేసిందనుకున్న 2020-21లో 33,811 కోట్లు. లోకమంతా తగ్గిన ఏడాది ఇక్కడ పెరిగింది. నిధుల సేకరణ పండగంటే ఇదీ. ఏడాదికోసారి కాదు, మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే రోజూ.

కాబట్టి నాదొక సలహా. తోటలన్నిటినీ టాస్మాక్‌కు అప్పగించేయండి. జనాన్ని వరసలో నిలబెట్టడం దానికి తెలిసినట్టు ఉద్యానశాఖకు ఏం తెలుసు? నేల మీద సున్నాలు గీసింది, కర్రలు కట్టింది, రోజుకో రంగు టోకెన్ పంచింది. రంగులు చూడ్డానికి ఇక ఊటీ దాకా ఎందుకు? అద్దాలమేడలో గులాబీలు, కౌంటర్లో బిల్లు, ఫుల్ సీసాకు ఒక మల్లెమూర ఉచితం. మల్లెతోట రైతూ బతుకుతాడు. మళ్లీ కష్టకాలం వచ్చినా వాయిదా మాటే ఉండదు. సుప్రీంకోర్టు నుంచి స్టే తెచ్చి మరీ మొక్కలకు నీళ్లు పోస్తారు.