రెండు రోజుల్లో పెషావర్: అచ్చమైన పఠాన్ సంస్కృతిని చూసి రావడం ఎలా?

అచ్చమైన పఠాన్ నగరం ఎలా ఉండాలో ముందు ఇంట్లోనే తేల్చుకోండి. తలపాగా, తుపాకీ, తరాల పగ. సినిమాలు చూశారు కాబట్టి ఇదేం కష్టం కాదు. వీసాకి పట్టే కాలాన్ని మాత్రం ఆ రెండు రోజుల్లో కలపకండి. మన పాస్‌పోర్టుకి పాకిస్తాన్ వీసా ఇస్తే దేశమంతటికీ కాదు, రాసిన ఊళ్లకే. దిగాక పోలీసులకు కనబడాలి. 2025 ఏప్రిల్‌లో అట్టారీ దారీ మూతపడింది. మేనల్లుడెవరికైనా అమెరికా పాస్‌పోర్టు ఉంటే మిగతాది వాడికి చదివి వినిపించండి.

మొదట కిస్సా ఖ్వానీ బజారు. ఒకప్పుడు బాటసారులు టీ తాగుతూ కథలు చెప్పుకున్న చోటు. ఫోటోలు తియ్యండి, చెవులు మాత్రం మూసుకోండి. పాతబస్తీ పాత కుటుంబాలు మాట్లాడేది హింద్కో. పష్తో కోసం వచ్చిన మీకు పంజాబీకి చుట్టంలాంటి భాష వినబడితే డబ్బు దండగ అనిపిస్తుంది. ఆ పక్క సందుల్లోనే 1922లో దిలీప్ కుమార్, 1924లో రాజ్ కపూర్ పుట్టారు. శిథిలమైన ఆ ఇళ్లవైపు పోకండి. బుఖారాతో వ్యాపారం చేసిన సేఠీల చెక్కపని మేడలూ అంతే, తుపాకీ ఒక్కటీ కనబడదు.

బజారులోని అమరుల స్తంభం దగ్గర మరీ తొందరగా నడవండి. 1930 ఏప్రిల్ 23న సరిహద్దు గాంధీ గఫార్ ఖాన్ అరెస్టుకి నిరసనగా వచ్చిన జనం, ఆయుధం ముట్టకుండా బ్రిటిష్ తూటాలకు ఎదురు నిలబడ్డది ఇక్కడే. కాల్చమంటే గఢ్వాల్ రైఫిల్స్ సిపాయిలు కాల్చలేదు. పగబట్టే పఠాన్ల గురించి మీరు ఇంటి దగ్గర రాసుకొచ్చిన శీర్షికకి ఇది బొత్తిగా సరిపడదు.

మ్యూజియం కూడా వద్దనే అంటాను. గది నిండా గాంధార బుద్ధులు, పైగా కనిష్కుడి ధాతుపేటిక. (అందులోని అస్థికలను బ్రిటిష్‌వాళ్లు మాండలేకి పంపేశారు. మన అమరావతి శిల్పాలను లండన్ చేర్చినవాళ్లే కదా, ఆశ్చర్యమేముంది.)

అసలు ప్రమాదం కహ్వా. చెప్పుల ధర అడిగితే చాలు, ఏలకులు వేసిన పచ్చని టీ వస్తుంది. తాగితే ఇంకోటి పోస్తారు. డబ్బు ఇవ్వబోతే అతిథివి కదా అని కోప్పడతారు. ఇక ఊరు, పేరు, పిల్లలు, జీతం, అన్నీ చెప్పాలి. మీ పట్టికలో దీనికి పది నిమిషాలు రాసుకున్నారా? మంచిది, అలాగే ఉంచండి.

రాత్రికి నమక్ మండీ. మాంసం కిలోల్లో తూచి, దుంబా గొర్రె కొవ్వులో, టమాటా, పచ్చిమిర్చి, ఉప్పుతో కడాయిలో వండుతారు. ఒక్కరికి పావుకిలో అడిగితే కొట్టువాడు జాలిగా చూస్తాడు. మసాలా ఏదని అడక్కండి. జేబులోని కారప్పొడి అసలే తియ్యకండి.

రెండో రోజు ఖైబర్ కనుమ అనుకున్నారు కదా. విదేశీయులు ముందే అనుమతి తీసుకోవాలి, మీరు తీసుకోలేదు. నిన్నటి కడాయి వల్ల లేవలేరు కూడా. పాకిస్తానీ పది రూపాయల నోటు వెనక ఖైబర్ ద్వారం బొమ్మ ఉంటుంది. దగ్గరగా ఫోటో తీసి, అంచులు కత్తిరించి, బంధువుల గ్రూపులో పెట్టండి.