టైటానియం బావగారు

మా బావగారు ఫోన్ కొనడమంటే పెళ్ళిచూపులకు వెళ్ళడమే. షోరూములో అడుగు పెట్టగానే ముందు ఫోన్ వీపు నిమురుతారు. తర్వాత గోటితో అంచు మీద టక్కుమనిపించి చెవి దగ్గర పెట్టుకుంటారు, సంతలో మా నాయనమ్మ కుండ బేరమాడినట్టు. ఆఖరున అరచేతిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని బరువు చెబుతారు. పక్కనే అట్టముక్క మీద ఆ అంకె అచ్చేసి ఉందని సేల్స్ కుర్రాడు చూపించబోతే నొచ్చుకుంటారు.

2023 సెప్టెంబరులో ఐఫోన్ 15 ప్రో వచ్చింది. ముందటేడు స్టీలు చట్రంతో వచ్చిన 14 ప్రో 206 గ్రాములు. ఇది టైటానియం, 187. ఆ తేడా 19 గ్రాముల గురించి బావగారు సంక్రాంతి దాకా మాట్లాడారు. "రాకెట్లకి వాడే లోహమోయ్. జేబులో ఉన్నట్టే ఉండదు" అని ప్రతివాడి చేతిలోనూ పెట్టడం, వాడు గట్టిగా పట్టుకునేలోపు లాక్కోవడం.

కొన్న రోజు సాయంత్రమే అబిడ్స్ జగదీష్ మార్కెట్‌కి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. తెరకి టెంపర్డ్ గ్లాసు. కెమెరా కళ్ళకి మూడు గాజుబిళ్ళలు, విడివిడిగా. మూలలు ఉబ్బిన రబ్బరు కేసు. దాని మీద మూతపడే తోలు పౌచ్. ఇంటికొచ్చాక అక్క కేకుల కోసం కొనుక్కున్న కాటా మీద పెట్టి చూస్తే 268 గ్రాములు తేలింది. 19 గ్రాములు తగ్గినందుకు లక్ష దాటిన డబ్బు, 81 గ్రాములు పెంచినందుకు మరో మూడు వేలు.

"ఇంతకీ ఆ టైటానియం ఎక్కడుందండీ?" అంది అక్క.

"లోపల ఉంది."

"కనబడదుగా."

"ఉందని నాకు తెలుసుగా" అన్నారు బావగారు, గర్భగుడి తలుపులు వేసిన పూజారిలా.

ఆయన్ని తేలిగ్గా తీసేయకండి. అద్దం సంగతి ఆయనంత బాగా చెప్పేవాళ్ళు అరుదు. "మామూలు గాజుని కరిగిన పొటాషియం ఉప్పులో ముంచుతారోయ్. గాజులోంచి సన్నటి సోడియం కణాలు దిగిపోతాయి, వాటి సీట్లలో లావుపాటి పొటాషియం కణాలు కూర్చుంటాయి. ఆర్టీసీ బస్సులో ముగ్గురి సీటు మీద ముగ్గురు భారీకాయాలు ఇరుక్కున్నట్టు. ఇంక కదలమన్నా కదలవు. అదే బలం." గీతకి గట్టిగా నిలిచేలా చేస్తే కిందపడినప్పుడు పెళుసుగా పగులుతుందనీ, పడినా పగలకుండా చూస్తే గీతలు పడతాయనీ, రెండూ ఒక్క గాజులో పూర్తిగా కుదరవనీ కూడా ఆయనే చెప్పారు. తాళంచెవులకి భయపడక్కర్లేదట. అసలు యముడు ఇసుకరేణువు. అందులో ఉండే క్వార్ట్జ్ మోస్ కొలమానంలో ఏడు, ఫోన్ అద్దం ఆరు దగ్గరే గీత పడుతుంది. ఇది నిజమే. బావగారితో వచ్చిన చిక్కంతా అదే, చెప్పేవన్నీ నిజాలే.

అందుకని బాపట్ల దగ్గర సూర్యలంక బీచికి కుటుంబమంతా వెళ్ళినప్పుడు ఫోన్‌ని గదిలో బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆరు మీటర్ల నీళ్ళలో అరగంట ఉన్నా తట్టుకుంటుందని కంపెనీ చెప్పిన ఫోన్ అది. కానీ ఆ పరీక్ష మంచినీళ్ళలోననీ, రోజులు గడిచేకొద్దీ ఆ రక్షణ సడలుతుందనీ, నీళ్ళు దూరితే వారంటీ వర్తించదనీ ఆయనకి తెలుసు. తెలియకపోతే సుఖపడి ఉండేవారు. పిల్లలు అలల్లో గెంతిన ఫోటోలన్నీ అక్క పాత ఫోన్‌లో ఉన్నాయి. రాత్రి వాటిని పెద్దవి చేసి చూస్తూ, "నీడల్లో మసక వచ్చింది" అని పెదవి విరిచారు.

బుల్లెట్ కథ ఇంకొకటి. పెద్ద ఇంజన్ల మోటారుసైకిళ్ళ అదురుకి కెమెరా స్థిరీకరణ దెబ్బతినొచ్చని 2021లో యాపిల్ వాళ్ళే హెచ్చరించారు. హ్యాండిల్‌కి ఫోన్ తగిలించుకునేవాళ్ళని ఉద్దేశించిన మాట అది. బావగారు జేబుకి కూడా వర్తింపజేసుకున్నారు. అప్పటినుంచి బండి సెల్లార్లో గోనెసంచీ కప్పుకుని ఉంది, ఆయన మెట్రోలో తిరుగుతున్నారు.

2025 సెప్టెంబరులో పిడుగు పడింది. 17 ప్రో అల్యూమినియంతో వచ్చింది! బావగారింట్లో మూడురోజులు మైల పట్టినంత పనైంది. నాలుగోరోజు పొద్దున కాఫీ తాగుతూ కొత్త శాస్త్రం విప్పారు. "టైటానియం వేడిని వదలదోయ్. పులుసులో స్టీలు గరిటె, అల్యూమినియం గరిటె పక్కపక్కన పెట్టి చూడు, ఏ కాడ ముందు కాలుతుందో. ఫోన్‌లో పుట్టిన వేడి బయటికి పోవాలంటే అల్యూమినియమే." రెండేళ్ళ నుంచి ఆ ఫోన్ వేడెక్కుతుంటే "శక్తి" అని చెప్పింది కూడా ఈయనే.

మళ్ళీ షోరూము. నారింజరంగు 17 ప్రో బాగానే ఉంది, కానీ కెమెరా దిమ్మె అంచుల దగ్గర గీతలు తేలిగ్గా పడుతున్నాయని అప్పటికే ఊరంతా గోల. దాని పక్కన ఐఫోన్ ఎయిర్, 5.6 మిల్లీమీటర్లు. మళ్ళీ టైటానియం! బావగారి కళ్ళు చెమర్చాయి. తీరా చూస్తే వెనక ఒక్కటే కెమెరా, బ్యాటరీ చిన్నది. పైగా 2014లో 6 ప్లస్ ప్యాంటు జేబుల్లో వంగిన వైనం ఆయన మరిచిపోలేదు. "కూర్చుంటే?" అన్నారు కుర్రాడితో. "కూర్చోండి సార్" అని వాడు కుర్చీ లాగాడు. సంబంధం కుదరలేదు.

మొన్న మా పిన్ని కూతురి పెళ్ళి. మాంగల్యధారణ ఫోటో తానే తీస్తానని బావగారు ముందు వరసలో నిలబడ్డారు. గట్టిమేళం మొదలైంది. పౌచ్ గుండీ విప్పారు, మూత తెరిచారు, జేబురుమాలుతో గాజుబిళ్ళలు మూడూ తుడిచారు. పైకెత్తేసరికి మూడు ముళ్ళూ పడిపోయాయి. సరే, తలంబ్రాలు తీయండి బావగారూ అన్నాను. దోసిళ్ళు లేచాయో లేదో ఆయన గిరుక్కున వెనక్కి తిరిగి, ఫోన్‌ని పట్టుకండువాలో చుట్టి గుండెకి అదుముకున్నారు. వీపంతా అక్షతలు. వంగి నా చెవిలో అడిగారు:

"బియ్యం ఫర్వాలేదోయ్, మెత్తనే. పసుపు మరక కేసుకి అంటితే దేనితో పోతుందంటావు?"