తొమ్మిదో నంబరు మైకు

నాకు పేరు లేదు, నంబరే ఉంది. తొమ్మిదో నంబరు మైకు అంటారు నన్ను. అమెరికాలో, టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో ఉన్న రాయల్ స్టూడియో మా ఇల్లు. ఒకప్పుడది సినిమా హాలు. కుర్చీలు పోయాయి గానీ తెరవైపు వాలుగా దిగే నేల అలాగే మిగిలింది. ఆ వాలు నేల మీదే మా పాటలన్నీ పుట్టాయి.

నా గుండె ఒక అల్యూమినియం రేకు. వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పలచన. అయస్కాంతం నడుమ వేలాడుతూ, మాట వల్ల గాలి కదిలితే తానూ కదులుతుంది. ఆ కదలికే కరెంటుగా మారి టేపుకు చేరుతుంది. గట్టిగా ఊదితే రేకు సాగి పాడైపోతుంది. గాయకుడు దూరంగా నిలబడితే గొంతుతోపాటు గది మోత కూడా పడుతుంది. దగ్గరకొచ్చి మెల్లగా పాడితే మాత్రం కింది స్వరాలు నిండుగా పలుకుతాయి. ఊపిరి తీయడం, మాటకు ముందు పెదవులు విడివడటం కూడా వినిపిస్తాయి. అలా దగ్గరకొచ్చే గొంతంటే నాకు ప్రాణం.

గాయకుడు ఆల్ గ్రీన్‌ది అలాంటి గొంతు. ఆర్కన్సాలో పుట్టి మిషిగన్‌లో పెరిగాడు. దైవభక్తి పాటలే పాడే ఇంట్లో, ప్రేమపాటలు పాడే జాకీ విల్సన్‌ను విన్నాడని తండ్రి బయటికి పంపేశాడు. ఆ జాకీ విల్సన్‌లా, మరో గాయకుడు ఓటిస్ రెడింగ్‌లా గొంతెత్తి పాడాలని అతని ఆశ. మా నిర్మాత విల్లీ మిచెల్ ఒప్పుకోలేదు. ఎవరిలాగో కాదు, నీలాగే పాడు, మెత్తగా పాడు అని పట్టుబట్టాడు. ఎవరినో గెలవాలన్నట్టు పాడే గొంతు క్రమంగా ఒక్కరితోనే మాట్లాడే గొంతయింది. ఆ మార్పును అందరికంటే ముందు విన్నది నేనే.

1971లో 'లెట్స్ స్టే టుగెదర్' రికార్డు చేశాం. ట్యూను మిచెల్, డ్రమ్మర్ ఆల్ జాక్సన్ కట్టారు, మాటలు గ్రీన్ రాశాడు. 1972 ఫిబ్రవరిలో అది అమెరికా పాటల జాబితాలో మొదటి స్థానానికి చేరింది. అదే పేరుతో వచ్చిన ఆల్బంలో 9 పాటలున్నాయి. గిటార్, బేస్, ఆర్గన్ వాయించింది హాడ్జెస్ అన్నదమ్ములు ముగ్గురు. కింద డ్రమ్స్ బరువుగా, నిదానంగా నడుస్తుంటే పైన అతని గొంతు తేలిగ్గా సాగుతుంది. అడుగు గట్టిగా ఉంది కాబట్టే గొంతుకు తొందరపడాల్సిన పని లేదు.

ఆ ఆల్బంలో నాకు అన్నిటికన్నా దగ్గరైనది ఏడో పాట, 'హౌ కెన్ యు మెండ్ ఎ బ్రోకెన్ హార్ట్'. అసలు పాట బీ జీస్ బృందానిది. గ్రీన్ దాన్ని ఆరు నిమిషాలకు పైగా సాగదీశాడు. ఒక మాట పాడి ఆగుతాడు. ఆ ఖాళీలో ఆర్గన్ సన్నగా మోగుతుంటుంది. మళ్లీ అదే మాట అందుకుంటాడు, ఈసారి ఇంకా సన్నగా, ఒక్కోచోట గొంతు పైస్థాయికి జారి గాలిలో కలిసిపోయేలా. ఏడుపు చూపించడు, ఏడుపును ఆపుకుంటాడు. వినేవాళ్ల కళ్లు చెమర్చేది అక్కడే.

చాలా ప్రేమపాటల్లో ప్రేమికుడు గెలిచినవాడో, ఓడినవాడో అయి ఉంటాడు. ఈ ఆల్బంలో గ్రీన్ రెండూ కాదు, అడిగేవాడు. ఉండిపొమ్మని అడుగుతాడు. ఎందుకు వెళ్తున్నావని అడుగుతాడు. అడిగేవాడికి కాదనిపించుకునే భయం ఉంటుంది. ఆ భయాన్ని దాచుకోకుండా పాడటమే ఆ పాటల అందం. గొంతు చించుకుంటే ఆ భయం వినపడదు.

1976లో గ్రీన్ మెంఫిస్‌లోనే చర్చి పెట్టి పాస్టరయ్యాడు. 2010లో మిచెల్ కన్నుమూశాడు. 2012లో న్యూయార్క్‌లోని అపోలో థియేటర్ వేదిక మీద అధ్యక్షుడు ఒబామా 'లెట్స్ స్టే టుగెదర్' మొదటి మాటలు పాడితే హాలంతా కేరింతలు కొట్టింది. నలభై ఏళ్ల నాటి పాటను జనం ఆ కొద్ది మాటలతోనే గుర్తుపట్టారు.

మీకు ఇంగ్లీషు మాటలు అన్నీ అందకపోయినా పర్వాలేదు. ఏడో పాటతో మొదలుపెట్టండి. అతను ఎక్కడెక్కడ ఆగుతున్నాడో గమనించండి. ప్రేమించిన మనిషిని బతిమాలడం చిన్నతనం కాదని, అది కూడా ఒక ధైర్యమేనని ఆ గొంతే మీకు చెబుతుంది.